పిల్లి పళ్ళెములో పొడి గింజలు

సంఘపు ప్రత్యేక సంచికలలో పెద్దలు భాషను గూర్చియు, పండుగలను గూర్చియు, పూర్వులను గూర్చియు వ్రాయుచుందురు. వారి నడుమ పిల్లి తిండిని గూర్చి వ్రాయబూనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. అయినను మా యింట ఇంచుమించు ఏడాదికాలము సాగిన చర్చ యిదియే. ఆ చర్చలో పిల్లి కొంత, చేప కొంత, తెలుగు మాట కొంత కలిసియుండుటచేత దీనిని పాఠకుల ముందుంచుచున్నాము.

మేము బరంపురమున స్థిరపడిన కుటుంబమువారము. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం జిల్లా మదరాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినప్పుడు మా తాతగారు ఇల్లు కదలలేదు, రాష్ట్రమే కదలినది. ఒకప్పుడు మా వీథిలో ఏ అరుగుమీద కూర్చున్నను తెలుగే వినబడెడిది. ఇప్పుడు తెలుగు యిండ్లు మూడు మాత్రమే మిగిలినవి. పిల్లలు ఉద్యోగములకై విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును వెడలిపోయిరి. గుమాస్తా పని విరమించి పింఛనుపై కాలము గడుపుచున్న మేము, మా గృహిణి, చుక్కయ్య - ఇంతే మా సంసారము. చుక్కయ్య యనగా తెల్లని మేను, నుదుట నల్లని చుక్క గల మగపిల్లి.

చుక్కయ్య తిండికి ఆధారము గోపాలపురపు చేపలమ్మి. ఆ తీరమున వేటకు పోవువారిలో పెక్కుమంది తెలుగువారే. ఒడియావారు వారిని నోళియాలందురు. ఆ పల్లెనుండి ఒక ముదుసలి వారమునకు నాలుగు దినములు బస్సు దిగి, తట్ట నెత్తిన బెట్టుకొని మా వీథికి వచ్చును. మా యిద్దరికి వారమున కొకసారి చేప చాలును. తక్కిన మూడు దినములును ఆమె వచ్చుట చుక్కయ్యకొరకే. కవళ్ళో నెత్తళ్ళో కొలిచి యిచ్చి, పైగా ఒక గుప్పెడు విడిగా వేసి, “ఇది మా అల్లుడి వాటా” అనును. చుక్కయ్య ఆమెకు అల్లుడు. అటుపిమ్మట ఆమెయు మా గృహిణియు గుమ్మమువద్ద అరగంట కూర్చుందురు. మా గృహిణికి ఒడియా బాగుగనే వచ్చును. కాని మోకాలినొప్పిని గూర్చి, కొడుకు ఫోను చేయకుండుటను గూర్చి చెప్పుకొనుటకు ఆమెకు తెలుగే కావలెను.

ఆ రోజులలో చుక్కయ్యకు ఉదయము పచ్చి చేపలు, సాయంకాలము పచ్చి కోడిమాంసమో కార్జమో, అప్పుడప్పుడు మా అబ్బాయి పంపు తడి ఆహారపు పొట్లము - ఇవి ఆహారము. 2024 ఉగాదికి అబ్బాయి, కోడలు వచ్చినప్పుడు ఒక సంచి పొడి గింజలు తెచ్చిరి. “అత్తయ్యగారూ, దీనికి కూడ ఇవి అలవాటు చేయండి, మీకు శ్రమ తగ్గుతుంది” అని కోడలు చెప్పెను. మా గృహిణి ఒక గింజ వేళ్ళ నడుమ నలిపి వాసన చూచి, “గింజలు తినడానికి ఇదేమైనా పావురమా అమ్మా?” అనెను. కోడలు లేనప్పుడు మాతో అసలు మాట చెప్పెను: “ఇది గింజలకు మరిగితే చేపలమ్మి రావడం మానేస్తుందండీ.”

ఆ వారముననే రేబీసు టీకాకై చుక్కయ్యను పశువైద్యునివద్దకు తీసికొనిపోయితిమి. ఆయన ఒడియా యువకుడు. ఏమి పెట్టుచున్నారని అడిగి, ఓపికతో వివరించెను. మాకు ఉద్యోగకాలమునాటి అలవాటు గనుక ఆయన చెప్పినవి చీటీపై వ్రాసికొంటిమి.

పిల్లి నిక్కమైన మాంసాహారి. టారిన్ అను పదార్థమును అది తన శరీరమున చాలినంత తయారుచేసికొనలేదు, తిండినుండియే పొందవలెను. అది చాలని పిల్లులకు కంటి వెనుక పొర చెడునని 1975లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి; గుండె కండరము కూడ బలహీనపడునని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారు కనుగొనిరి. చేపలోను మాంసములోను టారిన్ కలదు. కాని ఉడికించినప్పుడు కొంత నీటిలోనికి దిగిపోవును. కాబట్టి ఆ నీటిని పారబోయరాదు.

ఇక పచ్చి కవళ్ళు, నెత్తళ్ళ మాట. వీనియందు బి1 విటమినును విరుగగొట్టు గుణము గల పదార్థమొకటి కలదు. ఇవియే దినదినము ప్రధానముగ తిను పిల్లికి ఆ విటమిను కొరవడి మెడ వాలిపోవుట, అడుగు తడబడుట సంభవింపవచ్చును. ఉడికించినచో ఆ గుణము నశించును. ఎముక లేని మాంసము మాత్రమే పెట్టినచో సున్నపు ధాతువు చాలదు. కార్జము మితిమీరినచో ఏ విటమిను అధికమై మెడ యెముకలు బిగిసిపోవును. అడవిపిల్లి ఎలుకను ఎముకతో, పేగుతో సహా తినును గనుక దానికి లెక్క సరిపోవును; మనము కోసి పెట్టు ముక్కలో ఆ లెక్క లేదు.

సంచిలోని గింజలు మంచివగునెడల ఈ లోపములన్నియు సవరింపబడి యుండును. సంచిపై ‘సంపూర్ణాహారము’ అను అర్థము గల మాట ఉన్నదా, లేక అది చిరుతిండి మాత్రమేనా అని చూచి కొనవలెను. అట్లని గింజలే చాలునని ఆయన చెప్పలేదు. గింజలలో నీరు నూటికి పది పాళ్ళకు మించదు. తడి పొట్లములోనైతే ఎనుబది పాళ్ళవరకు ఉండును. పిల్లి పూర్వులు ఎడారి ప్రాంతపు జంతువులు. తిండిలోని నీటితోనే కాలము గడుపుట వాని స్వభావము, దాహము తక్కువ. మగపిల్లికి మూత్రనాళము సన్నము. అది మూసికొనిపోయినచో ఒకటి రెండు దినములలో ప్రాణాపాయము. మఱియు గింజలలో పిండి పదార్థమెక్కువ, శక్తియు ఎక్కువ: 100 గ్రాములలో 350 నుండి 400 కేలరీలు. నాలుగు కిలోల పిల్లికి దినమునకు 200 మొదలు 250 వరకు చాలును. గిన్నె నింపి వదలినచో నెలలలో బలిసిపోవును. కరకర నమలుటచే పండ్లు శుభ్రపడునని లోకులందురుగాని, మామూలు గింజలకు ఆ శక్తి లేదనియు ఆయన చెప్పెను.

ఇంటికి వచ్చి ఆ చీటీని మా గృహిణికి చదివి వినిపించితిమి. ఆమె అంతయు విని, “చేప మానమని చెప్పలేదు కదా?” అని అడిగెను. లేదు, ఉడికించి కొద్దిగ పెట్టమనిరంటిమి. “అయితే సరే” అనెను.

ఏప్రిల్ 15 వచ్చినది. ఆనాటినుండి జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పు సముద్రమున మరపడవలపై వేట నిషేధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ప్రతి యేడును ఈ నియమము పాటింతురు. తెడ్డు పడవలకు నిషేధము లేకున్నను తీరమునకు వచ్చు చేప స్వల్పము, ధర అధికము. చేపలమ్మి వారమున కొకసారి వచ్చినను గొప్పయే. గింజలు అలవాటు చేయుటకు అదియే తగిన సమయమని నిశ్చయించితిమి.

మొదటి దినము ఉడికిన చేపపై అయిదు గింజలు వేసితిమి. మనము చారులో కరివేపాకు తీసి పక్కన బెట్టునట్లు, చుక్కయ్య అయిదింటిని ఏరి పళ్ళెము అంచున పేర్చి, చేప మాత్రము తినెను. రెండవ దినము అంతే. మూడవ దినము మా గృహిణి తానే చిన్నరోటిలో గింజలను దంచి, కందిపొడి చల్లినట్లు చేపపై చల్లెను. అది తినెను. నాలుగు దినములు పొడి, అటుపిమ్మట పలుకులు, ఆ తరువాత చేప ఉడికిన గోరువెచ్చని నీటిలో నానిన గింజలు. ఉప్పు లేదు, ఉల్లి, వెల్లుల్లి అసలు లేవు, అవి పిల్లికి విషములు. పండ్రెండవనాటికి ఎండు గింజలను కరకర నమలుట ఆరంభించెను. ఈ పనిలో పంతము కూడదు. ఆకలి వేసినచో అదే తినునని పిల్లిని పస్తుంచుట ప్రమాదము. రెండు మూడు దినములు తినకున్నచో కాలేయమునకు క్రొవ్వు పట్టి ప్రాణముమీదికి వచ్చును.

పాత పద్దుపుస్తకమొకటి తీసి, తేదీ, తిండి, నీరు, విరేచనము, బరువు అని గడులు గీసితిమి. బరువు చూచుటకు పిల్లిని ఎత్తుకొని తూకపు యంత్రముపై నిలుచుండి, మా బరువు తీసివేయుదుము. నెలాఖరునకు కుదిరిన పద్దు ఇది: ఉదయము 85 గ్రాముల తడి పొట్లమొకటి, మధ్యాహ్నము ఉడికిన చేప 30 గ్రాములు, దాని నీటితో సహా, పొడి గింజలు పదేసి గ్రాములు మూడు విడతలు. అన్నియు కలిపి 215 కేలరీలకు అటునిటు. నీటి గిన్నెలు తిండి పళ్ళెమునకు దూరముగా మూడు చోట్ల. బరువు 4.2 కిలోలు, ఏప్రిలులోను అదే, ఆగస్టులోను అదే. వానకాలమున గింజలు మెత్తబడకుండ బిగుతు మూత గల డబ్బాలో ఉంచి, విప్పిన సంచిని నెల దాటకుండ ముగించుచున్నాము. చీమలకు మాత్రము పళ్ళెము క్రింద నీళ్ళ పళ్ళెమే మందు.

ఈ యేర్పాటు విలువ తెలిసినది కార్తికమున. మా గృహిణికి కంటి శుక్లము తీయించుటకై విశాఖపట్టణమున అబ్బాయి యింట పది దినములు ఉండవలసివచ్చెను. పక్కయింటి ఒడియా ఆవిడను మేము మావుసీ అని పిలుచుకొందుము, డెబ్బదియైదేండ్ల పెద్దావిడ. మాకు దీపావళి మరునాడు కార్తికము వచ్చును. వారికి పదునైదు దినములు ముందుగనే వచ్చి పున్నమితో ముగియును. ఆ నెల ఆమె హబిస వ్రతము పట్టును. పున్నమి దాటి ‘ఛాడఖాయి’ నాడుగాని ఆ యింట చేప ముట్టరు. అట్టి యింటివారిని మా పిల్లికి చేప ఉడికించి పెట్టుడని అడుగ నోరాడునా? గింజలలోను కోడి కలదని ముందుగనే చెప్పితిమి. దాచి చేయించుట మర్యాద గాదు. ఆమె కొంత ఆలోచించి, బడికి పోవు మనుమని పిలిచి, “నువ్వు గరిటెతో వెయ్యి, చేతితో ముట్టకు, నీళ్ళు నిండుగా పొయ్యి” అని వారి భాషలో చెప్పెను. ఆ పిల్లవాడు పది దినములు వీథి అరుగుమీద పూటపూటకు కొలిచి వేసెను. మేము తిరిగివచ్చి తూచితిమి: 4.3 కిలోలు. పిల్లవాడు గరిటె కొంచెము నిండుగా ముంచినట్లున్నాడు.

పచ్చి కోడిమాంసము 2025 ఆరంభమునుండి మా యింట నిలిచిపోయినది. 2024 డిసెంబరులో నాగపురమువద్ద గోరేవాడ రక్షణ కేంద్రమున మూడు పులులు, ఒక చిరుతపులి బర్డ్ ఫ్లూతో మరణించినవి. పచ్చి కోడిమాంసమే కారణమై యుండునని అనుమానించిరి. పులికి సోకునది పిల్లికిని సోకవచ్చునని మా వైద్యుడు చెప్పెను. శీతలపెట్టెలో గడ్డకట్టించినంతమాత్రమున ఆ క్రిమి చావదనియు హెచ్చరించెను. కాబట్టి ఏ మాంసమైనను ఉడికియే పళ్ళెమునకు చేరుచున్నది.

చేపలమ్మి మాట చెప్పి ముగింతుము. నిషేధము తీరి ఆమె మరల వచ్చినప్పుడు, పొయ్యిమీద చిన్న గిన్నెలో చుక్కయ్య చేప ఉడుకుచుండుట చూచి, “ఏటమ్మా, పిల్లికి ఉడకేసిన సేపా? మా అల్లుడికి జొరమొచ్చినాదా?” అని పకపక నవ్వెను. గింజల డబ్బా చూపగా నొసలు ముడిచెను. మా గృహిణి ఆమెను కూర్చుండబెట్టి, చేప మానలేదనియు, ముప్పది గ్రాములకు తక్కువ చేయబోమనియు మాట యిచ్చెను. నాలుగు దినములు మూడు దినములైనవి. అరగంట మాత్రము ముప్పావుగంట అయినది. ఆమెకు ఏండ్లు మీదపడుచున్నవి. కొడుకు ఆటో నడుపుచున్నాడు. తట్ట మోయవద్దని తల్లితో పోరుచున్నాడట. ఆమె మానినచో ఆ పల్లెనుండి మా గుమ్మమునకు వచ్చువారు మరి లేరు. మావుసీ మనుమడు మాత్రము ఇప్పుడు మూడు తెలుగు మాటలు నేర్చి, రోజూ గుమ్మమునకు వచ్చి, “చుక్కయ్యా, రా, తిను” అని పిలుచుచున్నాడు.

పిల్లలు దూరమున ఉండి, పిల్లిని పెంచుకొను పెద్దలు మన కుటుంబములలో పెక్కుమంది కలరు. వారు పొడి గింజలు చేర్చదలచినచో మెల్లగ చేర్చుడు, తూచి పెట్టుడు, నీరు మరువకుడు. గింజలు వచ్చినవని తడి తిండిని పూర్తిగ తీసివేయకుడు. చేపలమ్మి మీ వీథికి ఇంకను వచ్చుచున్నచో, పిల్లికొరకైనను ఆమెవద్ద ఒక గుప్పెడు కొనుచుండుడు.