ఢిల్లీ ప్రయాణానికి తగిన కాలం



పిల్లల సెలవులు దగ్గరపడితే చాలు, మా గుంతకల్లు సంఘంలో ఎవరో ఒకరు ఆరాధన ముగిసిన తరువాత నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఇంటిల్లిపాదీ ఢిల్లీ చూసి రావాలనుకుంటున్నాము. ఎప్పుడు వెళితే బాగుంటుంది?" అని అడుగుతారు. మాది రైల్వే ఊరు. చాలా ఇండ్లలో పాసులున్నాయి. రాత్రివేళ ఇక్కడ కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక పగలు, మరొక రాత్రి గడిచి ఢిల్లీలో దిగవచ్చు. బండి ఎక్కడం సులభమే. కాలం ఎన్నుకోవడమే కష్టం. ఆ విషయంలో నేను చేసిన పొరపాటు చెబితే మీకు మేలని ఇది వ్రాస్తున్నాను.

మా చెల్లెలు పెళ్ళయి ఢిల్లీలో ఉంటుంది. తొమ్మిదేండ్లయినా మా అమ్మ కూతురి కాపురం చూడలేదు. నాన్నగారు పోయిన తరువాత ఆమె అడిగిన కోరిక ఒక్కటే, "బిడ్డ ఇల్లు చూసొస్తా నాయనా" అని. ఆమెకు చాలా ఏండ్లుగా ఆయాసం ఉంది. నేను కాగితం, పెన్ను తీసుకుని నెలలు లెక్కపెట్టాను.

మే నెల వద్దనుకున్నాను. "ఎండ మనకేమి కొత్త?" అని మనవారు అంటారు గాని, ఢిల్లీ ఎండ వేరు. అక్కడ మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. 'లూ' అనే వడగాలి పడమటి ఎడారి వైపు నుండి వీస్తుంది. జూన్ చివర వానలు మొదలైతే ఉక్క. డిసెంబరు చివర, జనవరిలో రాత్రి చలి 4 డిగ్రీలకు కూడా దిగుతుంది. పొగమంచు వలన రైళ్ళు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. పైగా డిసెంబరులో పాస్టరు ఊరు విడిచి వెళ్ళడం ఎలాగూ కుదరదు. 'అక్టోబరు నుండి మార్చి వరకు మంచి కాలం' అని ప్రయాణాల పుస్తకాల్లో చదివాను. కోత పండుగ అయిపోయింది, క్రిస్మసు ఏర్పాట్లు ఇంకా మొదలు కాలేదు. కనుక 2016 నవంబరు మొదటి వారం నాకు చక్కగా కుదిరింది.

చెల్లెలు ఫోనులో, "అన్నా, దీపావళి అయిన వెంటనే వద్దు. ఇక్కడ పొగ ఎక్కువగా ఉంటుంది. అమ్మకు పడదు" అన్నది. "రెండు రోజుల టపాకాయల పొగ ఎంతసేపుంటుందమ్మా" అని నేను కొట్టిపారేశాను.

ఆ ఏడు దీపావళి అక్టోబరు 30న. మేము నవంబరు 2న దిగాము. ఉదయం తొమ్మిదైనా సూర్యుడు బూడిదలో పెట్టిన పళ్ళెంలా కనిపించాడు. ఇండియా గేటు దగ్గర నిలబడితే రాష్ట్రపతి భవనం కనబడలేదు. మూడవ రాత్రి అమ్మ పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె రొమ్ములో పిల్లనగ్రోవి ఊదినట్లు శబ్దం. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఆవిరి మందు పట్టించాము. ఆ వారమే ఢిల్లీ ప్రభుత్వం బడులను మూడు రోజులు మూసివేసింది. మిగిలిన రోజులు మేము కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉన్నాము.

ఆ పొగకు టపాకాయలొక్కటే కారణం కాదని తరువాత తెలుసుకున్నాను. పంజాబు, హర్యానా రైతులు వరి కోసిన తరువాత మిగిలిన మోడును తగలబెడతారు. భూగర్భ జలం అడుగంటుతున్నదని పంజాబు ప్రభుత్వం 2009లో చట్టం చేసి, వరినాట్లు జూన్ 10కి ముందు వేయకూడదన్నది. నాటు వెనుకకు జరిగితే కోతా వెనుకకు జరిగింది. సరిగ్గా గాలి కదలిక తగ్గి, చలి నేలను పట్టే రోజుల్లో ఆ మంట లేస్తుంది. వాహనాల పొగ, దుమ్ము దానికి తోడవుతాయి. పొగ పైకి పోలేక ఊరి మీదనే నిలుస్తుంది. బోరుబావులు ఎండిపోవడం ఎరిగిన అనంతపురం జిల్లా వాడిని గనుక, ఆ రైతులను నిందించడానికి నాకు నోరు రాలేదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ మెల్లగా అన్నది: "నీ తీరిక చూసుకుంటివి నాయనా, నా ఆయాసం చూడకపోతివి." నాకు జవాబు లేకపోయింది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రయాణ కాలం మించిపోయిందని పౌలు చెప్పినా, శతాధిపతి ఓడవారి మాటే విన్నాడని చెప్పి అతనిని తప్పుపట్టాను. ఆ ఊరిలో కాపురమున్న చెల్లెలు చెబితే నేను విన్నానా?

రెండవసారి 2019లో వెళ్ళాము. ఆ ఏడు ఈస్టరు ఏప్రిల్ 21న, ఆలస్యంగా వచ్చింది. భస్మ బుధవారం మార్చి 6న గనుక ఫిబ్రవరి నాకు ఖాళీ దొరికింది. ముందుగా డాక్టరుగారిని, చెల్లెలిని అడిగాను. ఇద్దరూ సరే అన్న తరువాతనే టికెట్లు తీశాను. ఫిబ్రవరిలో కూడా అక్కడి గాలి మన గాలి వంటిది కాదు; కాని అమ్మ నడవగలిగింది. రాష్ట్రపతి భవనం తోట ఆ నెలలో ప్రజలకు తెరుస్తారు. అప్పుడు దానిని మొఘల్ గార్డెన్ అనేవారు, 2023లో అమృత్ ఉద్యాన్ అని పేరు మార్చారు. ట్యులిప్ పూల వరుసల దగ్గర అమ్మ చాలాసేపు నిలబడి, "ఇన్ని పూలకు నీళ్ళు యాడనుంచి తెస్తారో!" అన్నది. ఆ సాయంకాలం కూతురి వంటింట్లో కూర్చుని తానే ఉగ్గాని చేసి పెట్టింది.

కనుక అడిగేవారికి నేను చెప్పేది ఇదే. బడి పిల్లలుంటే దసరా సెలవులు మంచివి; అప్పటికి అక్కడ వానలు వెనుదిరుగుతాయి. అయితే దసరా అక్టోబరు చివరకు వచ్చిన సంవత్సరం పొగ సంగతి విచారించండి. సంక్రాంతి సెలవులకు వెళితే పొగమంచుకు సిద్ధపడండి. పెద్దలుంటే ఫిబ్రవరి రెండవ వారం నుండి మార్చి నడుమ వరకు చూడండి. ఎర్రకోట సోమవారం, ఆగ్రాలో తాజ్ మహల్ శుక్రవారం మూసి ఉంటాయని మరువవద్దు.

అన్నిటికంటె ముఖ్యంగా, తేదీ నిర్ణయించే ముందు మీ సెలవులు కాదు, మీతో వచ్చేవారిలో అందరికంటె బలహీనులెవరో చూడండి. వారు ఏ కాలంలో సుఖంగా ఊపిరి తీసుకోగలరో అదే మీ ఇంటివారందరికీ మంచి కాలం.