మునిమనుమరాలి తొలి ప్రయాణము

రాష్ట్రము వెలుపలి తెలుగువారిని ప్రవాసాంధ్రులనుట వాడుక. బరంపురమున నున్న మా పుట్టినింటివారికి ఆ మాట అంతగా చెల్లదు. మా అమ్మ పుట్టిన 1933 నాటికి గంజాము సీమ చెన్నరాజధానిలోనిది. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేరుపడినపుడు మా ఊరు అందులో చేరినది. మావారు కదలలేదు, ఎల్లయే కదలినది. నేను మాత్రము పెండ్లియై బెంగుళూరు చేరితిని. ఇట్లు మా కుటుంబమునకు ఒక కొస కన్నడదేశమున, మఱియొక కొస ఓఢ్రదేశమున నుండగా, తెలుగుదేశము నడుమ నున్నది.

ఈ రెండు కొసల నడుమ మేము ఏండ్ల తరబడి రైలుననే తిరిగితిమి. ఒక పగలును ఒక రాత్రియు చాలని ప్రయాణము. అలసట నిజమే. అయినను మా అమ్మాయికి తెలుగు అబ్బుటలో ఆ రైలుపెట్టెకును కొంత పాలున్నదని నా నమ్మకము. దారిలో ఎక్కిన ముసలమ్మలు దానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని కథలు చెప్పెడివారు. గోదావరి వంతెనమీద అందఱును పైసలు విసరుచుండగా అదియు విసరెడిది. విజయనగరము దాటిన పిదప మాటల యాస మారుటను దాని చెవి పసిగట్టెడిది. ఇచ్ఛాపురము రాగానే అమ్మమ్మ ఊరు వచ్చెనని గంతులు వేసెడిది.

గడచిన మాఘమాసమున అమ్మ జ్వరముతో మంచము పట్టినది. "మునిమనుమరాలిని ఒకసారి చూపించమ్మా" అని ఫోనులో అడిగినది. మా అమ్మాయి బిడ్డకు అప్పటికి అయిదవ నెల. అంత పసిదానిని రైలున త్రిప్పుటకు మనసొప్పలేదు. వేసవి దాక ఆగుటకు అసలే ఒప్పలేదు. కనుక భువనేశ్వరము వఱకు విమానమునకే టిక్కెట్లు కొంటిమి.

రెండేండ్లు నిండని బిడ్డకు విమానమున వేఱు ఆసనము కొననక్కఱలేదు. జనన పత్రము చూపిన చాలును. తల్లి ఒడియే ఆసనము. తల్లి నడుము పట్టీకి తగిలించు చిన్న పట్టీ నొకదానిని పరిచారిక తెచ్చి యిచ్చినది. పిదప ఆమె, గాలి తగ్గినచో పైనుండి ముసుగులు దిగుననియు, తల్లి ముందు తాను తొడుగుకొని ఆపైని బిడ్డకు తొడుగవలెననియు చెప్పినది. నా మనసు ఎదురుతిరిగినది. బిడ్డ తినక ముందు తల్లి ముద్ద ముట్టుట మన యిండ్లలో ఉన్నదా? కాని ఆ యెత్తున గాలి లేకున్న పెద్దవారికే నిమిషము లోపల తెలివి తప్పునట. తెలివి తప్పిన తల్లి బిడ్డకేమి తొడుగగలదు? ఊరకుంటిని.

పసిపిల్లలతో పోవువారికి అసలు పరీక్ష దిగునపుడే. విమానము లోపలి గాలి ఆఱేడు వేల అడుగుల కొండమీది గాలివలె పలుచగా నుండును. దిగుకొలది అది చిక్కనై చెవి గూబను లోనికి నొక్కును. చెవి లోపలినుండి గొంతునకు సన్నని గొట్ట మొకటి కలదు. గుటక వేసిన అది తెఱచుకొని బాధ తీఱును. పెద్దలు గుటక వేయుదురు. పాపకు ఆ ఉపాయమెట్లు తెలియును? అందుచేత దిగుచున్నామన్న ప్రకటన వినబడు వఱకు దానికి ఆకలి నిలిపి, అపుడు మా అమ్మాయి పైటచాటున పాలిచ్చినది. వెనుక వరుసలో రెండేండ్ల బాలు డొకడు చెవులు పట్టుకొని ఏడ్చుచుండగా, మాది గుటకలు వేయుచు కన్నులు మూసినది.

దాదాపు రెండు గంటల ప్రయాణమున ప్రకటనలన్నియు హిందీలోను ఇంగ్లీషులోను సాగినవి. మబ్బుల సందున ఒక పెద్ద నది తళుక్కుమన్నది. కృష్ణయో గోదావరియో చెప్పువారు లేరైరి. తెలుగునేల నంతటిని మా పాప నిదురలోనే దాటినది.

విమానమున చూపిన నెమ్మదికి కారులో వడ్డీతో చెల్లించినది. చిలుక సరస్సు పొడవునను ఏడుపే.

అమ్మ దిండ్ల కానుకొని కూర్చున్నది. చూపు మందగించినది గనుక పాప వేళ్ళను, చెవితమ్మెలను తడవి, "చెవులు నావే" అన్నది. మా అల్లుడు కన్నడిగుడు. అది తలచి కాబోలు, "ఏ పాట పాడి పడుకోబెడుతున్నావే?" అని మనుమరాలిని అడిగినది.

"నాది తెలుగు జోల, వాళ్ళ నాన్నది కన్నడం, అమ్మమ్మా."

"మంచిదే. మీ అమ్మకి నేను ఒడియా జోల కూడా పాడేను. నిద్రపోయింది."

మూడవనాటికి గంజి త్రాగి, వసారాలోనికి నడచినది. మేము బయలుదేరునపుడు కొంగుముడి విప్పి ఒక రూపాయి బిళ్ళ నా చేతిలో పెట్టి, "గోదావరి మీద దాని చేత వేయించు" అన్నది. తిరుగు టిక్కెట్లును విమానమునకే కొనియుంటిమి. బిళ్ళ నా పెట్టెలో నున్నది. పాపకు మాటలు వచ్చిన పిదప రైలెక్కింపవలెను.