మెనూలో లేని బుధవారం

లినక్స్ కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద మూడు నాలుగు వరసలు కనిపించి మాయమైపోతాయి. దాన్ని గ్రబ్ మెనూ అంటారు. రోజూ వాడేవాళ్ళు కూడా దాన్ని సరిగా చదవరు, సినిమా ముందు వచ్చే సెన్సార్ సర్టిఫికెట్‌ని చదవనట్టే. కొన్ని మెషీన్లలో అక్కడ ‘స్నాప్‌షాట్లు’ అని ఇంకో వరస ఉంటుంది. దాని మీద ఎంటర్ కొడితే తేదీలు వస్తాయి. ఫలానా నెల ఫలానా రోజు పొద్దున ఎనిమిదింటికి మీ కంప్యూటర్ ఎట్లా ఉందో అట్లా లేపమంటారా అని అడుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇంతకంటే కవిత్వానికి దగ్గరగా వచ్చే మెనూని నేను చూడలేదు. కాకపోతే అన్ని కవితల్లాగే ఇదీ చెప్పినంత చెయ్యదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు వెనక కథ కొంచెం. బటర్ ఎఫ్‌ఎస్ అని ముద్దుగా పిలిచే ఫైల్ సిస్టమ్‌ని 2007లో ఆరకిల్‌లో పనిచేస్తూ క్రిస్ మేసన్ మొదలుపెట్టాడు. 2009లో అది లినక్స్ కెర్నెల్లోకి చేరింది. 2014లో ఓపెన్ సూసే, 2020లో ఫెడోరా డెస్క్‌టాప్ దాన్నే ముందుగా ఇచ్చే ఫైల్ సిస్టమ్‌గా పెట్టుకున్నాయి. దాని పద్ధతి ఏంటంటే, ఉన్న అక్షరం మీద దిద్దదు. మార్పు ఏదైనా కొత్తచోట రాసి, ‘ఇక నుంచి ఇది చూడు’ అని గుర్తు మారుస్తుంది. పాత గుర్తుని కూడా ఒకటి దాచుకుంటే అదే స్నాప్‌షాట్. కాపీ చేయడం లేదు కాబట్టి క్షణంలో అయిపోతుంది. మొదట్లో చోటు కూడా దాదాపు ఏమీ తీసుకోదు.

ఇదంతా నేను ఆలేరులో మా మామకి ఇంతకంటే అధ్వాన్నంగా చెప్పాను. ఆయన చేనేత మనిషి, చిటికి పని. పోగుల మీద ఎక్కడ రంగు తాకకూడదో అక్కడ రబ్బరు ముక్కలతో గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ ఇంకోచోట కట్టి ముంచే పని. పోచంపల్లి పేరు మీద దేశమంతా తెలిసిన ఇక్కత్ అదే. నేను చెప్పిందంతా విని ఆయన అన్నాడు:

“అంటే రంగుల ముంచేముందు కట్టు కట్టినట్టన్నట్టు.”

అంతే. నేను పదిహేను నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. కట్టు ఉన్నచోట పాత రంగు, లేనిచోట కొత్త రంగు, పోగు మాత్రం ఒకటే.

పోయింది మామ లాప్‌టాప్. ఆయన రెండేళ్ళ క్రితందాకా గ్రాఫ్ కాగితం మీదే డిజైన్ వేసేవాడు. ఇప్పుడు లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో గళ్ళకి రంగులు నింపుతాడు, ఒక్కో గడి కొన్ని పోగుల కట్ట. లినక్స్ ఎక్కించింది పాలిటెక్నిక్ చదివిన మా బామ్మర్ది. వాడు ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి అది కూడా అప్పుడే ఆరిపోయింది.

“గిది లేస్తలేదు అల్లుడా. పెండ్లోళ్ళ ఆర్డరు. సోమారం కట్టు మొదలు వెట్టాలె.”

ఐతారం పొద్దున నేను పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్ళాను.

మెనూ వచ్చింది. మామూలు వరస మీద కొడితే తెర మీద ఒక ఎర్రర్: రూట్‌ని మౌంట్ చేయలేను, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఏంటో నాకు తెలియదు అని. స్నాప్‌షాట్ల వరసలోకి వెళ్ళాను. మూడు తేదీలున్నాయి, మూడూ మూడు నెలల పాతవి. ఒకటి నొక్కితే అదే ఎర్రర్, రెండోది అదే, మూడోది అదే.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఎర్రర్లలో భాష తెలిసినవాళ్ళు సారాంశం కంటే పోలికలు ముందు చూస్తారు. మూడు స్నాప్‌షాట్లలో ఒకటి పాడైతే ఒకరకం ఎర్రర్ రావాలి, ఇంకొకటి అసలు లేకపోతే ఇంకోరకం రావాలి. మూడింటికీ, మామూలు వరసకీ అక్షరం తేడా లేకుండా ఒకటే ఏడుపు అంటే తప్పు స్నాప్‌షాట్లలో లేదు. వాటి దాకా అసలు ఎవరూ వెళ్ళనే లేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

గుమ్మం అంటే ఏంటో చెప్పాలి. ఈ మెషీన్‌లో బూట్ ఫోల్డరు వేరే పార్టిషన్, పాతకాలపు ఫ్యాట్ పార్టిషన్. స్నాప్‌షాట్ తీసేది బటర్ ఎఫ్‌ఎస్‌లో ఉన్నవాటికే కాబట్టి బూట్ దాని లెక్కలోకి రాదు. కెర్నెల్ అక్కడుంటుంది. కెర్నెల్‌కి మొదటి నిమిషంలో కావలసిన సామాను, అంటే డిస్కుని చదవడానికి కావలసిన మాడ్యూళ్ళు ఉన్న చిన్న మూట, అదీ అక్కడే ఉంటుంది. అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ వచ్చి కూర్చుంది. మూట కొత్తది కట్టేలోపు కరెంటు పోయింది. కొత్త కెర్నెల్ పాత మూట విప్పి తన వెర్షన్ పేరున్న సంచి కోసం వెతికితే అది లేదు. బటర్ ఎఫ్‌ఎస్ చదవడం రాదు. ఇంక మీరు ఏ తేదీ నొక్కితే ఏంటి? నిన్నటి ఇంటికైనా మూడు నెలల క్రితం ఇంటికైనా తాళంచెవి ఒక్కటే, అది విరిగింది.

ఆలేరుకి కొద్ది కిలోమీటర్ల దూరంలో కొలనుపాక ఉంది. జైన మందిరానికి బస్సులేసుకుని వచ్చేవాళ్ళలో చాలామంది సోమేశ్వరాలయంలో ఉన్న మ్యూజియం చూడకుండానే వెళ్ళిపోతారు. కళ్యాణి చాళుక్యుల కాలంలో అది పెద్ద పట్నం. రాజేంద్ర చోళుడి శాసన ప్రశస్తిలో ఆయన గెలిచిన ఊళ్ళ వరసలో కొల్లిపాక పేరు కూడా ఉంటుంది. శాసనం కూడా ఒక స్నాప్‌షాటే. ఫలానా శకవర్షం, ఫలానా తిథి, ఈ రాజు, ఈ దేవుడికి ఇన్ని మర్తురుల భూమి. ఆ రోజు అట్లాగే గడ్డకట్టి ఉంటుంది. కానీ మర్తురు అంటే ఎంతో, ఆ లిపి ఎట్లా చదవాలో ఆ రాయి మీద ఉండదు. అవి రాయి బయట, మనుషుల్లో ఉండేవి. ఆ మనుషులు మారిపోయాక రాయి ఎంత భద్రంగా ఉన్నా లేవదు. మన సాహిత్య విమర్శలో పాత పుస్తకాన్ని ‘యథాతథంగా’ మళ్ళీ అచ్చు వేయడాన్నే పెద్ద సేవ అనుకునే అలవాటు ఒకటుంది. పీఠిక లేకుండా, పదాలకు అర్థాల్లేకుండా. మూట కట్టకుండా ఇల్లొక్కటే దాచడం అది.

సరే, లాప్‌టాప్. పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో లేపి డిస్కుని పైనుంచి మౌంట్ చేస్తే అసలు బొమ్మ కనిపించింది. సిస్టమ్ అంతా @ అనే సబ్‌వాల్యూమ్‌లో, ఇంటి ఫైళ్ళు @హోమ్‌లో ఉన్నాయి. టైమ్‌షిఫ్ట్ వారానికొకటి తీస్తూ అయిదు దాచిన స్నాప్‌షాట్లు పక్కన వేరే ఫోల్డర్లో. కొత్తది మొన్న బుధవారానిది, నిక్షేపంలా ఉంది. మెనూలో ఉన్న మూడు తేదీలు మాత్రం ఇక్కడ లేవు. గడువు తీరి ఎప్పుడో చెరిగిపోయాయి.

అంటే ఉన్నవి మెనూలో లేవు, మెనూలో ఉన్నవి లేవు. ఓటర్ల జాబితా అనుకోండి.

ఇది రెండో తప్పు, మొదటిదానికి సంబంధం లేనిది. మెనూ అద్దం కాదు, ఎవరో రాసిపెట్టిన కాగితం. గ్రబ్-బటర్ ఎఫ్‌ఎస్ అనే చిన్న ప్రోగ్రాం స్నాప్‌షాట్ల ఫోల్డర్ని కాపలా కాస్తూ, కొత్తది వచ్చినప్పుడల్లా ఆ కాగితం తిరగరాయాలి. మామూలుగా అది చూసేది స్నాపర్ అనే ఇంకో పరికరం వాడే ఫోల్డర్ని. టైమ్‌షిఫ్ట్ తన స్నాప్‌షాట్లని అక్కడ పెట్టదు. పైగా దాని కొత్త వెర్షన్లు నడిచిన ప్రతిసారీ ప్రాసెస్ నంబరుతో కొత్త దారి పెట్టుకుంటాయి. అందుకని కాపలాదారుకి ‘టైమ్‌షిఫ్ట్ ఎక్కడుంటే అక్కడికి నువ్వే వెళ్ళు’ అని ఒక ఆప్షన్ విడిగా చెప్పాలి. ఇక్కడ చెప్పలేదు. మూడు నెలలుగా అది ఖాళీ గది ముందు నిలబడి నిజాయితీగా డ్యూటీ చేస్తోంది.

పాత సిస్టమ్‌లోకే వెళ్ళి మూట ఒక్కటీ మళ్ళీ కట్టేస్తే సరిపోతుందేమో అని ముందు అదే చూశాను. లైబ్రరీ ఫైలు మరీ పొట్టిగా ఉంది అని గొణిగి ఏ కమాండూ నడవలేదు. కరెంటు పోయినప్పుడు డిస్కు దాకా రాని ఫైళ్ళు పేరు మిగిలి, లోపల సున్నా బైట్లతో ఉన్నాయి. బుధవారానికి వెళ్ళాల్సిందే.

మామకి ఆ మాట చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

“బుధారానికి పోతే మరి బేస్తారం, శుక్రారం జేసినయ్ ఏమైతయ్?”

ఈ ప్రశ్న ఏ మాన్యువల్లోనూ ఇంత సూటిగా ఉండదు. ఇంటి ఫైళ్ళు @హోమ్‌లో విడిగా ఉంటాయి కాబట్టి వాటికేం కాదు అన్నది ఖాయమైన జవాబు. కానీ డిజైన్లు ఇంట్లో లేవు. ఫోన్‌లో కనిపించాలని బామ్మర్ది వాటిని సర్వర్ ఫోల్డర్లో పెట్టి నెట్‌వర్క్‌లో పంచాడు. అది @ లోపలిది. నేరుగా బుధవారానికి వెళ్ళి, పాత @ చెరిపేస్తే గురు, శుక్రవారాల పని అంతా పోతుంది. పెళ్ళి చీర కొంగు మొత్తం ఆ రెండు రోజుల్లో మారిందే.

చింతకింది మల్లేశం ఊరు శారాజీపేట, ఇదే ఆలేరు మండలం. ఆయన గురించి తెలియనివాళ్ళు ఇక్కడ ఉండరు. చిటికి పనికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో పోగు తిప్పడం. ఒక చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు పైకీ కిందికీ పోవాలి, రోజుకి రెండు చీరలంటే 18,000. తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కి యంత్రం పూర్తి చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ప్రియదర్శితో సినిమా కూడా వచ్చింది. సినిమా నాకు నచ్చింది కానీ రెండు గంటల్లో ఏడేళ్ళ విసుగు పట్టదు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం వేసేది ఆ ఏడేళ్ళే. ఒక కదలిక కుదిరి రెండోది కుదరనప్పుడు, మొదటిది చెడకుండా రెండోదాన్ని మార్చడం. మా ఉద్యోగాల్లో దీనికి గిట్ ఉంది, స్నాప్‌షాట్లున్నాయి, వెనక్కి పోయే బటన్లున్నాయి. చెక్కకి, ఇనుముకి అవి లేవు. కోసిన చెక్క కోసినట్టే ఉంటుంది, పెట్టిన డబ్బు పెట్టినట్టే పోతుంది.

మాకు అంత కష్టం లేదు. పాడైన @ని చెరపకుండా పేరు మార్చి పక్కకు జరిపాను. బటర్ ఎఫ్‌ఎస్‌లో పేరు మార్చడమంటే బోర్డు మార్చడమే, లోపల సామాను కదలదు. బుధవారం స్నాప్‌షాట్ నుంచి ఇంకో స్నాప్‌షాట్ తీసి దానికి @ అని పేరు పెట్టాను. ఇక తాళంచెవి. నెట్ కూడా అక్కర్లేకపోయింది, ఎందుకంటే ఈ రకం లినక్స్‌లో కెర్నెల్ అసలు ప్రతి ఒకటి మాడ్యూళ్ళ ఫోల్డర్లో, అంటే స్నాప్‌షాట్ లోపలే ఉంటుంది. బుధవారం కెర్నెల్‌ని అక్కణ్ణుంచి బూట్‌లోకి తెచ్చి, దానికి తగిన మూట కట్టించాను. మౌంట్ల జాబితాలో @ని పేరుతో పాటు నంబరుతో కూడా రాసి ఉంది. కొత్త @కి నంబరు వేరు, కాబట్టి నంబరు తీసేసి పేరు ఉంచాను. కాపలాదారుకి టైమ్‌షిఫ్ట్ దారి చెప్పి, మెనూ కాగితం మళ్ళీ రాయించాను. అయిదు బుధవారాలు వరసగా వచ్చాయి.

ఆఖరున, పక్కకు జరిపిన పాడు సిస్టమ్ తెరిచి డిజైన్ల ఫోల్డరు ఇటు తెచ్చాను. లైబ్రరీల్లాగే ఇవీ సున్నా బైట్లు అయి ఉంటాయేమోనని నాకు లోపల భయం. కానీ ఇవి శుక్రవారం రాత్రికే డిస్కులో కుదురుకున్నవి. బుధవారం సిస్టమ్ మీద శుక్రవారం డిజైన్లు. పాత కట్టు మీద కొత్త కట్టు.

బూట్ ఫోల్డర్ని కూడా బటర్ ఎఫ్‌ఎస్ లోపలికి తెచ్చి, ఫ్యాట్ పార్టిషన్‌లో గ్రబ్ ఒక్కదాన్నే ఉంచాలి. గ్రబ్‌కి బటర్ ఎఫ్‌ఎస్ చదవడం వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. అప్పుడు ఏ తేదీ ఇంటికి ఆ తేదీ తాళంచెవి ఉంటుంది. ఆ పని బామ్మర్దికి ఫోన్లో అప్పగించాను. బ్యాటరీ ముందు కొనమని కూడా చెప్పాను.

మామ కొంగు డిజైన్ తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని, గళ్ళు వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అన్నీ ఉన్నాయా మామా అని అడిగాను.

“అన్నీ ఉన్నయ్. గీ అంచుకాడ ఒక గడి ఎక్కువనే ఉన్నది. శుక్రారం నాడు నేనే తప్పేసిన.”

ఆ గడి చెరిపి, పక్కన ఉన్న పాత గ్రాఫ్ కాగితాల కట్టలోంచి తెల్లది ఒకటి తీసి, తెర చూస్తూ పెన్సిల్‌తో కొంగు మొత్తం మళ్ళీ వేయడం మొదలుపెట్టాడు.