ముట్టుకాడులో పెదనాయనతో పడవ కాలువ

మా ఇంట్లో దాన్ని బకింగ్‌హాం కాలువ అని ఎవరూ అనరు. పడవ కాలువే. నెల్లూరి వైపు నుంచి మదరాసు చేరిన మావాళ్ళు, రైలున్నా, సామాను ఎక్కువైతే పడవలోనే వచ్చేవాళ్ళు. బియ్యం బస్తాలు, సరుగుడు కట్టెలు, వాటి మీద మనుషులు. ఆ పడవెక్కినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మా పెదనాయన ఒక్కరే. ఎనభై దాటాయి. ఈమధ్య మా పిల్లల పేర్లు మరిచిపోతున్నారు. పడవ మాటలు మాత్రం పోలేదు. అవి కూడా పోకముందే ఆయన్ని ఒకసారి ఆ నీళ్ళ మీదికి తీసుకుపోవాలని మాకు తొందర పుట్టింది.

మైలాపూరులో ఆ కాలువని చూస్తే ఎవరికీ పడవ గుర్తుకు రాదు. నడిమధ్యన లోకల్ రైలు స్తంభాలు, కింద నల్లటి మురుగు. తెడ్డు వేయాలంటే ఊరు దాటి ముట్టుకాడు పోవాల్సిందే. అక్కడ కాలువ కోవళం ఉప్పుటేరులో కలుస్తుంది, ఏరు ఈసీఆర్ వంతెన కింద నుంచి సముద్రంలోకి పోతుంది. సంక్రాంతి సెలవుల్లో పదకొండుమందిమి, ఇద్దరిద్దరు కూర్చునే కయాకులు మాట్లాడుకుని పొద్దున్నే దిగాం. పెద్దమ్మ గట్టు మీద పులిహోర, దద్దోజనం క్యారియర్లతో కాపలా.

పిల్లలకి దారిలో చెప్పాం. 1806లో బేసిల్ కొక్రేన్ అనే వర్తకుడు మదరాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన కాలువ ఇది. తర్వాత పులికాటు మీదుగా ఉత్తరానికి పెరిగి కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. 1876-78 ధాత కరువులో కూటికి లేనివాళ్ళ చేత కూవం, అడయారు నదులని కలిపే ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

నీళ్ళు చాలాచోట్ల నడుములోతే. మడ చెట్ల పక్కన నీటికాకులు రెక్కలారబెట్టుకుంటున్నాయి. ఒకాయన మొలలోతు నీళ్ళలో నిలబడి విసురువల వేస్తుంటే మేమంతా చప్పుడు చేయకుండా దూరంగా తప్పుకున్నాం. అది ఆయన కూడు, మాకు ఆట. ఉత్తరంగా కాలువలోకి తిరిగాక కొంతసేపటికే వాసన మారింది. పళ్ళికరణై చిత్తడి నీళ్ళు ఒక్కియం మడువు దాటి ఈ కాలువలోనే పడి ముట్టుకాడుకి రావాలి. 2015 డిసెంబరులో మా వేళచ్చేరి ఇంట్లో మోకాలెత్తు నిలిచిన నీళ్ళకి కూడా దారి ఇదే. కాలువ ఇరుకైనా, సముద్రపు మొగ ఇసకతో పూడినా, ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? మ్యాపులో ఎన్నిసార్లు చూసినా అర్థం కానిది తెడ్డు బురదలో ఇరుక్కున్నప్పుడు అర్థమైంది.

పెదనాయనని ఎక్కించడానికి మా గైడు కుర్రాడు మొదట ఒప్పుకోలేదు. చివరికి గాలి లేని చోట, గట్టు పక్కనే, అరగంట అన్నాడు. లైఫ్ జాకెట్ తొడిగి ముందు కూర్చోబెట్టాం. ఆయన రెండు తలల తెడ్డుని తిప్పి చూసి, "ఏందిరా అబ్బయా, ఇది తెడ్డా, గరిటా?" అన్నారు. లోతు లేనప్పుడు గెడ వెయ్యాల అన్నారు. గాలి వాటంగా ఉంటే తెరచాప, లేకుంటే ఇద్దరు మనుషులు తాడు భుజానికేసుకుని గట్టెంబడి లాగేవాళ్ళంట. సరంగు, చుక్కాని, లంగరు, లాకు. వెనక కూర్చున్న మా అమ్మాయి ఒక్కో మాటకీ అర్థం అడుగుతుంటే విసుక్కోకుండా చెప్పారు.

తర్వాత, మేమెవరం అడక్కుండానే, ఒక రాత్రి సంగతి చెప్పారు. లాకు తలుపులు తెరవలేదని పడవ ఆగిపోయిందట. నాయనమ్మ గట్టు మీద మూడు రాళ్ళు పెట్టి గంజి కాచిందట. ఒళ్ళో జ్వరంతో చెల్లెలు. "దాన్ని పెద్దాసుపత్రిలో చూపియ్యాలనే గదరా మదరాసు వచ్చింది" అన్నారు.

మేము ఇన్నేళ్ళూ విన్న కథ వేరు. తాతకి ప్రెస్సులో ఉద్యోగం దొరికి వచ్చామని. ఆ చెల్లెలు, మా మేనత్త, నిండుగా బతికి నాలుగేళ్ళ కిందట పోయింది. ఆమె కూడా ఈ మాట ఎప్పుడూ అనలేదు. పెదనాయన జ్ఞాపకంలో రెండు ప్రయాణాలు కలిసిపోయాయా? అడగడానికి ఎవరూ లేరు. రెండు కథలనీ, ఎవరు ఎప్పుడు చెప్పారో రాసి, ఇంటి పుస్తకంలో పక్కపక్కనే పెట్టాం. పెద్దమ్మ మాత్రం రెండోదే నిజమంటోంది. అత్తగారు జ్వరమంటే ఎందుకంత హడలిపోయేదో ఇప్పుడు తెలిసిందట.

మధ్యాహ్నం పోటు తిరిగింది. భుజాలు పడిపోయాయి. పిల్లలు పీతలు చూపించి కేకలు వేస్తుంటే పెదనాయన గట్టు మీద కుర్చీలో కునుకు తీశారు. కారెక్కేటప్పుడు ఆయన అడిగింది ఒక్కటే, బేసిన్ బ్రిడ్జి ఎప్పుడు వస్తుందని. "ఇంకా దూరముంది పెదనాయనా" అన్నాం.