పూరీకి దూరపు చుట్టం

పూరీ చేయడం ఎలాగో మీకు వేరే చెప్పనక్కరలేదు. పండగనాడో, ఇంటికి చుట్టాలు వచ్చిన రోజో మీరు చేసే ఉంటారు. లేదా పీట ముందు కూర్చుని ఒత్తి అందించి ఉంటారు. ఇప్పుడు నేను చెప్పబోయేది అలాగే పిండి కలిపి నూనెలో వేయించే మరో రొట్టె గురించి. అమెరికాలో దాన్ని ఫ్రై బ్రెడ్ అంటారు. మనం వేపుడు రొట్టె అందాం. ఇది అక్కడి తెల్లవారి వంట కాదు. వారు రాకముందు వేల ఏళ్ళ నుంచీ ఆ నేల మీద ఉన్న ఆదివాసులది. ఆ జాతుల్లో నవాహోలు చేసే పద్ధతిని నేను కళ్ళారా చూశాను కనుక దాన్నే మీకు చెబుతాను.

3 కప్పుల మైదా తీసుకోండి. అందులో ఒక పెద్ద చెంచాడు బేకింగ్ పౌడరు, ఒక చిన్న చెంచాడు ఉప్పు వేసి బాగా కలపండి. గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయండి. కప్పు, కప్పుంబావు నీళ్ళు పడతాయి. పూరీ పిండిని మనం గట్టిగా కలిపి బాగా మర్దిస్తాం కదా! ఇక్కడ ఆ పని చేయకూడదు. ముద్ద మెత్తగా, చేతికి అంటీ అంటనట్టు ఉండాలి. ఎక్కువగా పిసికితే మైదాలోని జిగురు బిగిసిపోయి రొట్టె గట్టిపడుతుంది. తడిగుడ్డ కప్పి ఓ అరగంట వదిలేయండి.

బేకింగ్ పౌడరు బదులు వంట సోడా వేయవచ్చా అని మీకు అనుమానం రావచ్చు. ఉత్త సోడా వేస్తే పని జరగదు. సోడాకు పులుపు తగిలితేనే వాయువు బాగా పుడుతుంది. బతూరా చేసేవారు సోడాతోపాటు పెరుగు కలిపేది అందుకే. బేకింగ్ పౌడరులో సోడా, పులుపు రెండూ పొడి రూపంలో కలిసే ఉంటాయి. నీళ్ళు, వేడి తగలగానే పొంగడం మొదలవుతుంది. పూరీ సంగతి వేరు. అందులో పొంగించే పొడి ఏదీ ఉండదు. పిండిలోని తడి ఆవిరై రెండు పొరలను విడదీస్తుంది. అందుకే పూరీ లోపల బోలుగా ఉంటుంది, వేపుడు రొట్టె లోపల దూదిలా ఉంటుంది. పైకి చుట్టాల్లా కనిపించినా రెండూ పొంగే తీరు ఒకటి కాదు.

అరగంటయ్యాక నారింజకాయంత ఉండలు చేసుకోండి. పీట, అప్పడాల కర్ర అవసరం లేదు. ఉండను అరచేతుల మధ్య అదిమి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి తట్టుతూ వేయండి. జొన్నరొట్టె చేత్తో తట్టడం అలవాటున్నవారికి ఇది తొందరగా పట్టుబడుతుంది. జానెడు వెడల్పున, చిటికెన వేలిలో సగం మందాన వస్తే చాలు. కొందరు మధ్యలో వేలితో చిన్న చిల్లు పెడతారు. చిల్లులోంచి నూనె పైకి వచ్చి నడిమి భాగం కూడా సరిగా ఉడుకుతుంది. బాగా కాగిన నూనెలో చిటికెడు పిండి వేసి చూడండి. అది వెంటనే బుడగలతో పైకి తేలితే రొట్టె వేయవచ్చు. ఒక్కోవైపు ఒకటి రెండు నిమిషాలు, బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి. అక్కడ పాత రోజుల్లో పంది కొవ్వు కాచి అందులో వేయించేవారు. మనకు వేరుశనగ నూనె చాలు.

దీన్ని ఎలా తినాలి? కారంగానూ తినవచ్చు, తీపిగానూ తినవచ్చు. రొట్టె మీద ఉడికించిన చిక్కుడు గింజలు, వేయించిన కైమా, తరిగిన లెట్యూస్ ఆకు, టమాటా, చీజ్ పరిస్తే దాని పేరు నవాహో టాకో. ఇతర చోట్ల దాన్నే ఇండియన్ టాకో అంటారు. కొలంబస్ తాను ఇండియా చేరాననుకుని ఆ మనుషులకు పెట్టిన పేరు చివరికి రొట్టెకు కూడా అంటింది చూడండి! వేటమాంసం కాల్చి రొట్టెలో మడిచి తినడం నవాహోలకు మరీ ఇష్టం. తీపి కావాలంటే వేడి రొట్టె మీద తేనె పోస్తారు, లేదా పంచదార పొడి చల్లుతారు. నేను ఇంట్లో చిక్కుడు గింజలకు బదులు అలసందల కూర పెడతాను. తేనె లేనిరోజు లేత బెల్లం పాకం. రెండూ బాగానే కుదిరాయి. ఆవకాయ మాత్రం దీనికి నప్పదని నా అభిప్రాయం.

ఇంతవరకూ వంట. అయితే ఈ రొట్టె ఎక్కడ పుట్టిందో తెలియకుండా దీన్ని తినడం నాకు సరిగా అనిపించదు.

నవాహోలు తమను తాము డినె అని పిలుచుకుంటారు. ప్రజలు అని దాని అర్థం. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వారి పంటలు. వీటికి గొర్రెల మందలు తోడు. గోధుమపిండి వారి రోజువారీ తిండి కాదు. 1863, 1864 సంవత్సరాల్లో కిట్ కార్సన్ నాయకత్వంలో అమెరికా సైన్యం వారి పంటలను తగలబెట్టింది, గొర్రెలను చంపింది, కాన్యన్ డి షే అనే లోయలో వారు పెంచుకున్న పీచ్ తోటలను నరికించింది. ఆకలికి తాళలేక లొంగిపోయినవారిని దాదాపు 500 కిలోమీటర్లు నడిపించి, న్యూమెక్సికోలో పేకోస్ నది ఒడ్డున ఉన్న బోస్కే రెడోండో అనే నిర్బంధ స్థలానికి తరలించింది. నవాహోలు దాన్ని దీర్ఘయాత్ర అంటారు. అక్కడ 8,000 మందికి పైగా ఉన్నారు. నది నీళ్ళు ఉప్పన. వేసిన మొక్కజొన్నను పురుగు తినేసింది. ప్రభుత్వం రేషనుగా ఇచ్చింది గోధుమపిండి, ఉప్పువేసిన పంది మాంసం, కాఫీ గింజలు. అవి ఎలా వండుకోవాలో చెప్పినవారు లేరు. ఉన్న పిండిని, ఉన్న కొవ్వును కలిపి ఏదో ఒకటి చేసుకోవలసి వచ్చింది. వేపుడు రొట్టె అలా పుట్టిందని నవాహోలు చెప్పుకుంటారు. అక్కడ 2,000 మందికి పైగా చనిపోయారంటారు. 1868 జూన్ 1న ఒప్పందం కుదిరాక మిగిలినవారు తమ నేలకు తిరిగి వచ్చారు. ఇప్పుడు అది నవాహో రిజర్వేషన్. ఇక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల కోటా అని అనుకోకండి. ఒప్పందం ప్రకారం ఆ జాతికి మిగిల్చిన భూభాగం అని అర్థం. అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో దాదాపు 70,000 చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉంది.

మా అబ్బాయి అరిజోనాలో పనిచేస్తున్న రోజుల్లో 2014లో నేను కాన్యన్ డి షే చూడడానికి వెళ్ళాను. దారి పక్కన రేకుల పందిరి కింద నా వయసావిడ ఒకామె ఈ రొట్టెలు కాలుస్తోంది. బ్లూ బర్డ్ అని నీలం పిట్ట బొమ్మ ఉన్న గుడ్డసంచిలోంచి పిండి తీసింది. కొలత పాత్ర ఏదీ లేదు. అన్నిటికీ చెయ్యే కొలత. మా దేశంలో కూడా ఇలాంటిది ఉంది, పూరీ అంటాం అని అబ్బాయి చేత చెప్పించాను. ఆమె రొట్టె తిప్పుతూనే, “మరి మీకు ఆ పిండి ఎవరిచ్చారు?” అని అడిగింది.

నేను నవ్వేశాను. మా గోధుమలు మావే, ఎవరో ఇవ్వడమేమిటి అనుకున్నాను. ఆమె మాత్రం నవ్వలేదు.

నిజమే, ఈ దేశంలో గోధుమ పంట వేల ఏళ్ళ నాటిది. పూరీ కూడా మనదే. కాని మా ఇంటి మాట వేరు. కందుకూరు దగ్గర మాది మెట్ట పల్లె. జొన్న, సజ్జ, వరిగ తప్ప గోధుమ ఎరగం. 1966 ప్రాంతంలో రేషను కార్డు మీద ఎర్ర గోధుమలు వచ్చాయి. అవి అమెరికావి. 1956లో మన ప్రభుత్వానికీ అమెరికాకూ మధ్య పి.ఎల్. 480 పేరుతో ఒప్పందం జరిగింది. దాని ప్రకారం వారి దగ్గర మిగిలిపోయిన గోధుమలు ఓడల్లో మనకు వచ్చేవి. వాటితోపాటే వయ్యారిభామ కలుపు కూడా వచ్చిందని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. మా అమ్మ మొదట ఆ గోధుమలను రోట్లో దంచి జొన్నల్లాగే సంగటి చేసింది. అది బంకలా సాగింది, ఎవరం తినలేకపోయాం. తర్వాత రవ్వ విసిరింది. చివరికి రైల్వేలో పనిచేసి వచ్చిన మా పక్కింటాయన భార్య, “పిన్నీ, మరలో పిండి పట్టించు, పూరీ చేసి చూపిస్తాను” అంది. మా ఇంట్లో మొదటిసారి పూరీ పొంగింది అమెరికా పిండితో.

ఈ రెండు కథలూ ఒకటేనని నేను అనను. మాకు ఎవరూ తోటలు నరకలేదు, ఎవరూ నడిపించి తీసుకుపోలేదు. మేము డబ్బిచ్చి కొనుక్కున్నాం. కాని తెలియని గింజ చేతికి వచ్చినప్పుడు ఇంటి ఆడమనిషి పడే అవస్థ మా అమ్మ ముఖంలో చూశాను కనుక, ఆమె ప్రశ్న నాకు ఆలస్యంగానైనా అర్థమైంది.

నవాహోల్లోనూ, ఇతర ఆదివాసుల్లోనూ ఈ రొట్టె గురించి వాదం నడుస్తూనే ఉంది. 2005లో దక్షిణ డకోటా రాష్ట్రం దీన్ని తమ అధికార రొట్టెగా ప్రకటించింది. అదే సంవత్సరం సుజాన్ షోన్ హార్జో అనే ఆదివాసీ రచయిత్రి, ఈ రొట్టె మన సంప్రదాయం కాదు, మన ఆరోగ్యానికి చేటు, మానేద్దాం అని పత్రికలో గట్టిగా రాశారు. అమెరికా ఆదివాసుల్లో మధుమేహం చాలా ఎక్కువ కనుక ఆమె మాటను కొట్టిపారేయలేం. షాన్ షెర్మన్ అనే లకోటా వంటవాడు 2021లో మినియాపొలిస్ నగరంలో తెరిచిన ఓవామ్ని భోజనశాలలో గోధుమపిండీ లేదు, చెరకు పంచదారా లేదు. అన్నీ ఆ నేల మీద ముందునుంచీ ఉన్న దినుసులే. మరోవైపు సెమినోల్ జాతికి చెందిన కెవిన్ నోబుల్ మయ్యార్డ్ 2019లో ఇదే రొట్టె పేరుతో పిల్లలకు బొమ్మల పుస్తకం రాశారు. అందులో ఈ రొట్టె కుటుంబాన్ని ఒకచోట కూర్చోబెట్టే తిండి. ఎవరి వైపు ఉండాలో నిర్ణయించడం నా పని కాదు. ఆ రొట్టె నాది కాదు కదా! నా మటుకు నేను ఏడాదికి రెండుసార్లకు మించి చేయను. మిగతా రోజులు జొన్నరొట్టే.

మీరు చేసినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. పూరీల్లా దొంతర పేర్చి, అందరూ వచ్చేదాకా మూతపెట్టి ఉంచితే ఇవి చల్లారి తోలులా సాగుతాయి. మూకుట్లోంచి తీసినది తీసినట్టే పంచండి. మొదటిది కాస్త వంకరగా వస్తుంది. దాన్ని మీరే తుంచి, ఉప్పు సరిపోయిందో లేదో చూడండి.