ఉయ్యెల క్రింది గొంగడి

జగిత్యాల, కోరుట్లల సీమలోని మేడిపల్లి ప్రాంతమున పుష్యమాసపు చలి యెట్టిదో యచ్చటివారికే తెలియును. పగలు పసుపుచేలలో నెండ చుఱుక్కుమనును. ప్రొద్దు గ్రుంకినంతనే చలి యెముకలను పట్టుకొనును. పనికి వచ్చిన తల్లులు గట్టుమీది వేపకొమ్మకు చీరతో నుయ్యెల కట్టి పసిబిడ్డను పరుండబెట్టుదురు. బిడ్డ వీపుక్రింద పాతచీరల బొంత మడత యొకటి తప్పక యుండును. పైదుప్పటినైన మఱతురు గాని దానిని మఱువరు. కారణ మడుగగా, "గాలి కిందికెల్లి కొడ్తది గదా అక్కా" యని యొక తల్లి బదులు చెప్పినది.

ఈ మాట కొండలలో నుయ్యెల గట్టుకొని నిద్రించువా రందఱును వినదగినది. ఇప్పు డట్టి వినోదయాత్రలు మన స్త్రీలలోను ప్రబలుచున్నవి. రెండు చెట్లకు కట్టెడు నీ పడకకు హ్యామక్కని పేరు. 1492లో కొలంబసు బహామా ద్వీపములకు చేరినపుడు అచ్చటివారు నూలువలలలో పరుండుట చూచి వ్రాసికొనెను. పిదప నావికులు దీనిని ఓడలలోనికి దెచ్చుకొనిరి. ఇది యుష్ణదేశమున పుట్టిన పడక. క్రిందినుండి గాలి యాడుటయే దాని సుఖము. ఆ సుఖమే చలికొండలలో ప్రాణసంకటమగును.

విశాఖ మన్యమున చింతపల్లి చెంతనున్న లంబసింగి సముద్రమట్టమునకు సుమారు మూడువేల యడుగుల యెత్తున నున్నది. కొన్నియేండ్లు అచ్చట శీతకాలపు తెల్లవాఱుజామున చలి సున్న డిగ్రీల దాపునకు దిగును. మేము నలుగుర మాడువారము మేడిపల్లి వైపునుండి పోయి యచ్చట నొకరాత్రి యుయ్యెలలలో గడపితిమి. మంచు చెట్లనుండి వానవలె రాలుచుండెను. మా వెంట మంచి దూదిపఱుపులు లేవు, గొంగళ్ళు మాత్రముండెను.

గొంగడిని గూర్చి రెండుమాటలు చెప్పక తప్పదు. దక్కను నల్లగొఱ్ఱెల యున్నిని కురుమ స్త్రీలు వడకుదురు, పురుషులు గుంటమగ్గమున నేయుదురు. చింతగింజల గంజి పట్టించుటచే నది బిఱుసై చినుకునకు వెంటనే తడియదు. ఉన్ని కొంత తడిసినను వెచ్చదనమును విడువదు. నూలుబట్ట తడిసిన దేహపు వేడిని లాగివేయును. బొచ్చు తక్కువైన మాంసపు గొఱ్ఱెలు మందలలో పెరిగినకొలది ఈ నేత సన్నగిల్లుచున్నది. నాకిది మిక్కిలి బాధాకరము.

ఇక కట్టు విధము. వెచ్చగా నుంచునది గుడ్డ కాదు, దాని పోగుల నడుమ నిలిచిన గాలి. ఒడలి బరువుక్రింద బొంత నలిగినచో నా గాలి పోవును. కావున నొక గొంగడిని వీపుక్రింద పఱచుకొనుటతో చాలదు. వేఱొకదానిని ఉయ్యెలకు వెలుపల, క్రిందివైపున, రెండుకొసలు త్రాళ్ళతో కట్టి, ఉయ్యెలను తాకుచు నలుగకుండునట్లు వ్రేలాడదీయవలెను. మేమట్లే చేసితిమి. కొంచెము మూలగా పరుండిన వీపు చదునుగా నుండును. చల్లనిగాలి పల్లమునకు దిగును గనుక లోయయడుగున గాక వాలుమీద, గాలికి చాటైన చెట్లను వెదకుకొంటిమి. చెమటతో తడిసిన రవికెలను మార్చి, పొడి మేజోళ్ళు తొడిగి, తలకు శాలువ చుట్టి, గట్టిమూత గల వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి కాళ్ళయొద్ద నుంచుకొంటిమి. పండుకొనబోవు ముందు తిన్న జొన్నరొట్టెయు నెంతో మేలు చేసినది.

మాలో నొక సోదరి యుయ్యెలక్రింద కుంపటి పెట్టుదమనినది. పైన గుడారపుగుడ్డ నాలుగువైపుల దించియున్నది. వలదని నేను గట్టిగా నడ్డగించితిని. నిప్పురవ్వ సంగతి యటుండనిండు, బొగ్గులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడుకు రంగును వాసనయు లేవు. నిద్రించువారికి మెలకువ రాకయే ప్రాణము పోవును. మూసిన యింటిలోను బాలింత మంచముక్రింద కుంపటి యుంచి తలుపులు వేయువా రున్నారు, వారికిని ఈ మాటయే.

చంటిబిడ్డలను మాత్రము కొండమీద రాత్రి యుయ్యెలలో నుంచరాదు. వారి దేహము చిన్నదగుటచే వేడి త్వరగా జాఱిపోవును. ముఖముపై బడిన దుప్పటిని వారు తొలగించుకొనలేరు. చలి సోకిన పసికందునకు తల్లి ఱొమ్మునకు ఒడలి కొడలు తగులునట్లు హత్తుకొనుటకు మించిన కాపు లేదు. 1978లో బొగోటా నగరపు వైద్యులు తక్కువ బరువుతో పుట్టిన శిశువుల కీ పద్ధతినే ప్రారంభింపగా నేడది దేశదేశముల వాడుకలో నున్నది.

తెల్లవాఱినపిదప గొంగళ్ళను దులిపి కొమ్మలపై నెండకు వేసితిమి. వెలుపలి గొంగడిపై మంచుబిందువులు నిలిచియుండెను. లోపలిది పొడిగానే యున్నది.