‘జనరల్ చెకప్’ అని రాశారు!

నడుస్తున్న కారు మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుందో తెలుసా? బైక్ ఆగినట్టు ఉండదు. బైకైతే కాలు కింద పెట్టి పక్కకి తోసుకుంటాం. కారులో అయితే, ఇంజిన్ చచ్చిపోయినా పాట వస్తూనే ఉంటుంది. అందుకే మొదటి రెండు సెకన్లు మనకి అర్థం కాదు. మీటర్ మీద ఎర్రలైట్లు, పసుపు లైట్లు అన్నీ వెలుగుతాయి. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు అద్దంలో చూస్తే, వెనక లారీ.

నాకు ఇలా నాలుగుసార్లు జరిగింది. కొత్త బండిలో.

2022 దసరాకి కొన్నాం. ఆన్‌రోడ్ 13 లక్షల 40 వేలు. అందులో నాలుగు లక్షలు నాన్న రిటైర్మెంట్ డబ్బులు, మిగతాది లోను. ఏడేళ్లు, నెలకి 15 వేల చిల్లర ఈఎంఐ. మా నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా ముప్పై ఏళ్లు చేశాడు. ఊళ్లో అందరినీ బస్సులో తిప్పాడు గానీ సొంతానికి ఒక టీవీఎస్ ఎక్సెల్ తప్ప ఏం కొనుక్కోలేదు. కాబట్టి ఈ కారు నాకన్నా ఆయనకే ముఖ్యం. ఖమ్మం నుంచి డెలివరీకని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. షోరూంలో దసరా రద్దీ. రాత్రి ఎనిమిదింటికి బండి మీద ఎర్ర గుడ్డ తీయించి, చేతికి అట్టముక్కతో చేసిన పెద్ద తాళం ఇచ్చి ఫొటో తీశారు. నాన్న ఆ ఫొటో తరవాత బానెట్ ఎత్తబోతుంటే సేల్స్ అబ్బాయి, “అంకుల్, అన్నీ మేం చెక్ చేశాం, ముహూర్తం దాటిపోద్ది” అన్నాడు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

(బండి చూసుకోవాల్సింది బిల్లు, టీఆర్ పడకముందే. పగటి వెలుతురులో, స్టాక్‌యార్డులో. నెంబరు పడ్డాక అది మీ బండి, దాని జబ్బూ మీదే. ఇది నాకు తరవాత తెలిసింది.)

మొదటిసారి నవంబరులో, ఉప్పల్ దగ్గర, పదకొండు వందల కిలోమీటర్లప్పుడు. స్లోగా వెళ్తున్నా కాబట్టి బతికిపోయాం. మళ్లీ బటన్ నొక్కితే స్టార్టయ్యింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే అడ్వైజర్ చాలా మర్యాదగా కాఫీ ఇప్పించి, “పెట్రోల్ ఎక్కడ కొట్టించారు సార్?” అని అడిగాడు. కల్తీ పెట్రోల్ అని తేల్చారు. సరే, బంకు మార్చా. డిసెంబరులో రెండోసారి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం అన్నారు. ఫిబ్రవరిలో మూడోసారి. బ్యాటరీ టెర్మినల్ లూజు అన్నారు. ప్రతిసారీ స్కానర్ పెట్టి చూపించేవాళ్లు. “చూడండి సార్, ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. బండి పర్ఫెక్ట్.” ప్రతిసారీ ట్యాబ్ ఇచ్చి వేలితో సంతకం పెట్టమనేవాళ్లు. నేను పెట్టేవాణ్ని. ఏం రాశారో చదివేవాణ్ని కాదు. ఆఫీసుకి లేటవుతోంది కదా.

నాలుగోసారి 2023 ఏప్రిల్‌లో. మా చెల్లికి ఏడో నెల. పురిటికని హైదరాబాద్ నుంచి ఖమ్మం తీసుకెళ్తున్నాం. డ్రైవింగ్ నేను, పక్కన నాన్న, వెనక అమ్మ, చెల్లి. నకిరేకల్ దాటి కొర్లపహాడ్ టోల్‌గేట్ ఇంకా రాలేదు. కుడి లేన్‌లో ఎనభై మీద ఉన్నా. ఇంజిన్ పోయింది. పాట వస్తూనే ఉంది.

భయంతో బ్రేకు మీద కాలు టపటపా కొట్టబోయా. నాన్న అరిచాడు. “ఒరేయ్, పంప్ చేయకు! ఒక్కసారే తొక్కి పట్టు. ముందు ఎడమకి తిప్పు, బలంగా తిప్పు!” ఇంజిన్ ఆగాక బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. దాన్ని వృథా చేస్తే తరవాత పెడల్ రాయే. ఆ సంగతి నాకు తెలీదు, ఆయనకి తెలుసు. హజార్డ్ లైట్లు ఆయనే వేశాడు. రెండు చేతులతో స్టీరింగ్ లాగితే బండి నెమ్మదిగా లేన్ మారింది. వెనక లారీ హారన్ మోగిస్తూ కుడి నుంచి వెళ్లిపోయింది. ఆ గాలికి కారు ఊగడం ఇప్పటికీ గుర్తుంది. రోడ్డు పక్కన ఆగాక ఎవరం మాట్లాడలేదు. చెల్లి పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. అమ్మ వెళ్లి పాట ఆపింది.

మరుసటి రోజు సర్వీస్ సెంటర్‌కి నాన్న కూడా వచ్చాడు. కాఫీ వద్దన్నాడు. “పాత కాగితాలు చూపించు బాబూ” అన్నాడు. మూడు జాబ్ కార్డులూ ప్రింట్ తీసి ఇచ్చారు. వాటిలో ‘కస్టమర్ కంప్లైంట్’ అని ఒక గడి ఉంటుంది. అందులో మొదటి దాన్లో ‘జనరల్ చెకప్’. రెండో దాన్లో ‘జనరల్ చెకప్, వాషింగ్’. మూడో దాన్లో ‘బ్యాటరీ చెక్’. బండి ఆగిపోయిందన్న మాట ఎక్కడా లేదు. కింద నా సంతకం మాత్రం మూడింటిలోనూ ఉంది.

నాన్నకి కోపం వచ్చింది వాళ్ల మీద కాదు, నా మీద. “డ్యూటీ దిగాక లాగ్‌షీట్‌లో బ్రేకు పట్టట్లేదని రాయకుండా ఇంటికెళ్తే, తెల్లారి ఆ బస్సు ఇంకోడికి ఇస్తారు. వాడు గుద్దితే తప్పు నాది. రాయకపోతే జరగనట్టేరా. ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది ఆ రాతే.”

ఆ రోజు నాలుగో జాబ్ కార్డు రాయించడానికి గంటన్నర పట్టింది. ‘నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోయింది, 80 కి.మీ. వేగం, ఎన్‌హెచ్ 65, ఇది నాలుగోసారి’ అని రాయమంటే అడ్వైజర్ “సిస్టంలో అంత పెద్దది పట్టదు సార్” అన్నాడు. నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “పట్టేదాకా కూర్చుంటాం” అన్నాడు. మేనేజర్ వచ్చాడు. చివరికి పట్టింది. ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. వాడికి టార్గెట్లు ఉంటాయి, రిపీట్ కంప్లైంట్ అని రాస్తే వాడికే మాట వస్తుంది. కానీ వాడి ఉద్యోగం కాపాడ్డానికి మా చెల్లి ప్రాణం పెట్టలేం కదా.

అక్కణ్నుంచి నేనే చదవడం మొదలుపెట్టా. 1915 నెంబరు, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. ఫిర్యాదు తీసుకుని కంపెనీకి పంపారు. కంపెనీ ‘సమస్య పరిష్కరించాం’ అని జవాబిచ్చింది. ఏం పరిష్కరించారో రాయలేదు. హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు, మధ్యలో మాట్లాడి పెడుతుంది అంతే. అయినా ఆ డాకెట్ నెంబరు తరవాత పనికొచ్చింది. డల్లాస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేస్తే, “అక్కడ లెమన్ లా లేదా?” అన్నాడు. పదేపదే రిపేరుకొచ్చే కొత్త కారుని కంపెనీయే వెనక్కి తీసుకోవాలని చెప్పే చట్టం అది. 1982లో కనెక్టికట్ రాష్ట్రంలో మొదలై అమెరికా అంతా పాకింది. మన దగ్గర ఆ పేరుతో చట్టం లేదు. ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. 2020 జులై నుంచి అమల్లో ఉంది. లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారుచేసినవాడిదీ బాధ్యతేనని అందులో ఒక చాప్టరే ఉంది.

కేసు అనగానే ఇంట్లో యుద్ధం. అమ్మ అయితే, “ఓడినోడు కోర్టులో ఏడిస్తే గెలిచినోడు ఇంటికొచ్చి ఏడ్చాడంట, మనకెందుకురా” అంది. నిజానికి నేను ఊహించినంత భయంకరంగా ఏం లేదు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. నేనుండే చోటే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి పోనక్కర్లేదు. లాయర్ తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. అప్పట్లో ఈ-దాఖిల్ పోర్టల్, ఇప్పుడు ఈ-జాగృతి. 10 నుంచి 20 లక్షల మధ్య సొమ్ముకి ఫీజు 400 రూపాయలు. మొదటి నెల ఈఎంఐకి కట్టిన లేట్ ఫీజే అంతకన్నా ఎక్కువ.

జూన్‌లో డీలర్నీ, కంపెనీనీ ఇద్దర్నీ పార్టీలుగా పెట్టి వేశా. ఇద్దర్నీ పెట్టాలి, లేకపోతే ఒకడు ఇంకొకణ్ని చూపిస్తాడు. మా కేసులో ఇద్దరున్నా అదే చేశారు. డీలర్ ‘తయారీ లోపం మాది కాదు’ అన్నాడు. కంపెనీ ‘తయారీలో లోపం లేదు, జాబ్ కార్డులే సాక్ష్యం’ అంది. ఆ మూడు కాగితాలు జత చేసింది. నా సంతకాలతో సహా.

ఆ రోజు కమిషన్ వరండాలో కూర్చుని నాకు ఏడుపొచ్చింది. మొత్తం కేసంతా నాలుగో జాబ్ కార్డు మీద, చెల్లి ఫోన్‌లో తీసిన పద్దెనిమిది సెకన్ల వీడియో మీద నిలబడింది. లోపం పైకి కనపడనప్పుడు వస్తువుని పరీక్షకి పంపే అధికారం కమిషన్‌కి ఉంది. అందుకు మొదట మనమే డబ్బు కట్టాలి. ఐదు వేలు కట్టా. ఓ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ ప్రొఫెసర్‌ని వేశారు.

ఆయన రెండు రోజులు బండిని విప్పి కూర్చున్నారు. కనిపెట్టింది ఎంతో తెలుసా? చూపుడువేలి గోరంత. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, కరెంట్ తీసుకెళ్లే వైరు ఒక ఇనుప బ్రాకెట్‌కి రాసుకుంటోంది. అక్కడ ఉండాల్సిన క్లిప్పు లేదు. పైతొడుగు అరిగి, లోపల రాగి పోగులు సగం తెగిపోయాయి. ఇంజిన్ వేడెక్కి, బండి కుదిపినప్పుడు ఆ పోగులు విడిపోతాయి. ఆగాక మళ్లీ అంటుకుంటాయి. అందుకే వెంటనే స్టార్టయ్యేది. ఎర్రర్ కోడ్ ఎందుకు లేదని అడిగా. “కోడ్ రాసుకోవాల్సిందే ఆ డబ్బా కదయ్యా. దానికే కరెంట్ పోతే ఎవరు రాస్తారు?” అన్నారు. నాన్న నా వైపు చూశాడు. ఏం అనలేదు.

కొత్త కారు కావాలని అడిగా. రాలేదు. వారంటీ అంటే పాడైన భాగం మార్చడమే గానీ బండి మొత్తం మార్చడం కాదని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు అంది. కంపెనీ లాయర్ దాన్నే పట్టుకున్నాడు. నేను 2022 ఏప్రిల్ నాటి ఇంకో తీర్పు చూపించా. ఢిల్లీ-పానిపట్ హైవే మీద యాక్సిడెంట్‌లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసు అది. ఎంత వేగంతో, ఎంత బలంతో గుద్దితే తెరుచుకుంటాయో లెక్కలు కట్టడానికి కొన్నవాడు ఫిజిక్స్ నిపుణుడు కానక్కర్లేదని చెప్పి, బండి మార్చివ్వాలన్న ఆదేశాన్నే సుప్రీంకోర్టు నిలబెట్టింది. కానీ నా బండిలో లోపం బాగుచేయగలిగేదని కమిషన్ అభిప్రాయపడింది. 2024 సెప్టెంబరులో తీర్పు. వైరింగ్ మొత్తం ఉచితంగా మార్చాలి, వారంటీ రెండేళ్లు పొడిగించాలి, లక్షా ఇరవై వేలు పరిహారం, పదివేలు ఖర్చులు. చట్టం ప్రకారం పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేలాలి. నాది పదిహేను నెలలు పట్టింది. ఇది గెలుపో ఓటమో ఇప్పటికీ నాకు తెలీదు.

ఒక్కటి మాత్రం మింగుడు పడట్లేదు. ఆ క్లిప్పు నా ఒక్కడి బండిలోనే మర్చిపోయారా? నాన్న ఇదే అడిగాడు. “డిపోలో ఒక బస్సుకి ఏదన్నా విరిగితే ఆ సిరీస్ బస్సులన్నీ పడుకోబెట్టి చూసేవాళ్లం.” మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, ప్రమాదకరమైన లోపముంటే ఒక మోడల్ బళ్లన్నీ వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి రూల్సూ వచ్చాయి. ఏడేళ్ల లోపు బళ్లకి వర్తిస్తాయి, కంపెనీకి పది లక్షల నుంచి కోటి దాకా జరిమానా ఉంటుంది. కాకపోతే అమ్మిన బళ్ల లెక్కని బట్టి ఇన్ని ఫిర్యాదులు చేరితేనే అది కదులుతుంది. ఫిర్యాదులు చేరాలంటే జనం రాయాలి. మూడుసార్లు నేనే రాయలేదు. వాహన్ పోర్టల్‌లో నా వంతు ఇప్పుడు రాసిపెట్టా.

బండి ఇంకా మా దగ్గరే ఉంది. వైరింగ్ మార్చాక మళ్లీ ఆగలేదు. చెల్లి ఎక్కుతుంది గానీ హైవే మీద ఎడమ లేన్ దాటితే ఊరుకోదు. ఒళ్లో పాప నిద్రపోతుంటే, దాని కళ్లు మీటర్ మీదే ఉంటాయి. పాటలు పెట్టనివ్వదు.

నాన్న డ్యాష్‌బోర్డు అరలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాడు. ఎక్కడికెళ్లొచ్చినా దిగాక తేదీ, కిలోమీటర్లు, ‘డిఫెక్ట్స్’ అని గీత గీసి రాస్తాడు. పేజీల నిండా ‘నిల్’, ‘నిల్’, ‘నిల్’. మొన్న సంక్రాంతికి ఖమ్మం వెళ్లి వచ్చాక తీసి చూశా. ‘సూర్యాపేట దాటాక వెనక ఎడమ అద్దం స్విచ్ ఒకసారి పనిచేయలేదు. అబ్బాయికి చెప్పాను. పట్టించుకోలేదు’ అని ఉంది. కింద సంతకం పెట్టి, నా సంతకానికి ఖాళీ వదిలాడు.